తల, గుండె, తోక

రాత్రే నానబెట్టాను.
జూనిపర్ గింజలు తొమ్మిది కిలోలు, దంచీ దంచనట్టు.
ధనియాలు అందులో సగం.
వట్టివేరు ఒక్క పిడికెడు, మట్టి పోయేదాకా కడిగి,
పూర్తిగా పోనివ్వకుండా.

పీణ్య రెండో స్టేజిలో
బేరింగుల షెడ్డుకీ పెయింటు షెడ్డుకీ మధ్య
మా రాగి కుండ.
కాగితాల్లో దానికో నంబరుంది.
మేం ఓబుళమ్మ అంటాం.
పేరు పెట్టింది నేను. ఆవిడెవరని ఎవరూ అడగలేదు.

తెల్లారి నాలుగింటికి మార్కెట్లో దవనం.
మునిరత్నమ్మ కట్టల మీద నీళ్ళు చల్లుతుంది, బరువు కోసం.
"తడిది వద్దక్కా, ఆవిరి పట్టాలి" అంటే
"ఏ దేవుడికి పిల్లా, ఆవిరి పూజ?" అంటుంది.
నవ్వి డబ్బులిస్తాను.

నారదబ్బ తొక్కు నేనే తీస్తాను,
లోపలి తెలుపు కత్తికి తగలకుండా.
పోయిన నెల తొక్కు ఎక్కువై
నీళ్ళు కలపగానే సరుకంతా
బియ్యం కడుగులా తెల్లబారింది.
బోపయ్య సార్ ఏమీ అనలేదు.
రెండు రోజులు ఏమీ అనలేదు.

ఆరున్నరకి ఎక్సైజ్ ఆయన వచ్చి తాళం తీస్తాడు.
రిజిస్టరు, సంతకం, దగ్గు.
ఓబుళమ్మ మెల్లగా వేడెక్కుతుంది.

మొదట వచ్చేది తల.
గోళ్ళరంగు వాసన. కళ్ళు మండుతాయి.
పారబొయ్యాలి.
ఎంత పారబొయ్యాలో చెప్పడానికి
సార్ దగ్గర అంకెలున్నాయి,
నా దగ్గర మేనత్త వేలుంది.

కదిరి అవతల వంక లోపల
నల్లబెల్లం, తుమ్మచెక్క,
ఒకదాని మీద ఒకటి మూడు కుండలు.
మొదటి దోసెడు నేలకి పోసేది.
"ఇది భూమమ్మకి. ఆమె కళ్ళు పోవులే."
గట్టెక్కి కూచుని జీపు చప్పుడు వినడం నా పని.
ఏడేళ్ళు నాకు.
ఒకసారి వినలేదు, రేగిపళ్ళు ఏరుకుంటున్నాను.
కుండలు పగలడం మాత్రం విన్నాను.

తల పోయాక, గుండె.
అది ఎక్కడ మొదలయ్యేదీ గడియారానికి తెలీదు.
రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది
ముక్కు దగ్గర పెట్టుకుంటాను:
ముందు, నేనెన్నడూ చూడని మంచుకొండల పొద.
ఆ వెనక, ధనియాలు వేయించి దించిన మూకుడు.
నారదబ్బ, ఇంకా కొమ్మనే ఉన్నట్టు.
దవనం ఆఖర్న వస్తుంది,
పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన పెద్దావిడలా.
అందరూ జరిగి చోటిస్తారు.
అన్నిటి కిందా వట్టివేరు,
కడగకుండా వదిలిన ఆ కాస్త మన్నూ.

నాలుగు గంటలు, సన్నటి ధార.
కరెంటు రెండుసార్లు పోయింది. పక్క షెడ్డులో
సుత్తి ఆగినప్పుడల్లా
ధార చప్పుడు వినబడింది.

ఇక తోక.
తడిసిన అట్టపెట్టె, తడిసిన కుక్క.
"ఇంకో పది లీటర్లు?" అంటాడు సార్.
నేను అప్పటికే వాల్వు తిప్పేశాను.

ఎక్సైజ్ ఆయన లీటర్లు రాసుకుని
పెన్ను మూసి, కాస్త ఆగాడు.
ముళబాగిలు వైపు మనిషి, మన తెలుగే.
"ముక్కు బాగుందమ్మా నీకు. యాడ నేర్సుకుంటివి?"
"కోర్సు చేశాను సార్."
అదీ అబద్ధం కాదు.
గోడ మీద సర్టిఫికెట్టుంది, అద్దం కట్టి.

నేను తాగను.
సీసాలో ఏముందో వాసనదాకే నాకు తెలుసు,
ఆ తర్వాతిది తాగేవాళ్ళది.

రాత్రి తొమ్మిదింటి బస్సులో, యశవంతపుర దాటాక
పక్క సీటు ముసలావిడ
నా జడ వైపు చూసింది. పూలు లేవు.
మళ్ళీ గాలి పీల్చింది.
"దవనం యాడ కొన్నావు తల్లీ, ఇంత పొద్దుపోయినా వాడలేదు?"

మార్కెట్లో అని చెప్పాను.
చేతులు మాత్రం
ఒళ్ళో ఉన్న సంచీ కిందికి జరుపుకున్నాను,
గట్టు మీద కూచున్న పిల్లలాగా
రోడ్డు వైపు ఒక చెవి పెట్టి.